నడుమ బోసిగా ఉన్న బొంతలు

కంటి శిబిరంలో డాక్టరు నతలీనాకు ఉన్నమాట చెప్పేశాడు. కుడికన్ను ఎటూ పోయింది, ఎడమకన్ను కూడా ఏడాదికి మించి పనిచెయ్యదు. ఇంటికొచ్చిన నతలీనా ఏడుస్తూ కూర్చోలేదు. అటక మీది గోనెసంచి దింపి వాకిట్లో గుమ్మరించింది. అందులో నాలుగు బొంతలున్నాయి. నాలుగూ సగంలో ఆగిపోయినవే.

కర్ణాటకలో హళియాళ అడవి పక్కనున్న ఆ వాడలో, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి సిద్దీలు, బొంతను అంచున మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకొస్తారు. అందుకే ఆగిపోయిన బొంతకు నడుమ మాత్రం బోసిగా ఉండిపోతుంది.

"వానలు పడేలోగా నాలుగూ అయిపోవాలి" అంది, సూదిలో దారం ఎక్కించి పెట్టడానికొచ్చిన పొరుగింటి బీబీజాన్‌తో.

"బొంత కుట్టమని మా అమ్మ చీరలు నీ చేతికిచ్చి తొమ్మిదేళ్లయిందే తల్లీ. నా గోరీ మీదైనా కప్పుతావో లేదో అనుకున్నా."

"నీకు అంత తొందరగా చావు ఎక్కడొస్తుంది? ఆ నోటికి భయపడి వాకిట్లోంచే తిరిగి పోతుంది."

మొదటిది మనవడి ఉయ్యాల కోసం మొదలెట్టింది. వాడిప్పుడు ఐదో తరగతి. అయినా పూర్తిచేసి, ఎదురింట్లో కొత్తగా పుట్టిన పసిగుడ్డుకిచ్చింది. రెండోది బీబీజాన్‌ది. దానికి మూడు వారాలు పట్టింది. మూడోదాన్ని ఎలుకలు కొట్టేశాయి. బాగున్న ముక్కలు కోసి, కుట్టి, పీట మీద పరుచుకుంది. నాలుగోదాన్ని మాత్రం తియ్యడం, మడతపెట్టడం, మళ్లీ తియ్యడం.

అది కూతురు సబీనాది. పదకొండేళ్లప్పుడు గోవాలో ఓ ఇంటికి పనికి పంపారు. చదువు చెప్పిస్తామన్నారు వాళ్లు. పిల్ల చిన్నప్పటి గౌన్లతో బొంత కుట్టి పంపుదామని తల్లి మొదలుపెట్టింది. నాలుగో ఏడు వ్యానులో శవపెట్టె వచ్చింది. విషజ్వరమన్నారు, మూత తియ్యొద్దన్నారు. సాయంత్రంలోగా పూడ్చేశారు. పెట్టెతోపాటు వచ్చిన బట్టల మూటను పదహారేళ్లుగా నతలీనా విప్పలేదు.

ఇప్పుడు నడిమి భాగానికి గుడ్డ కావాలి. మూట విప్పింది. పైన నీలం గౌను ఉంది, మందపాటి మంచి గుడ్డ. కుట్లు విప్పుదామని తిరగేస్తే వేళ్లకు గడ్డలు గడ్డలుగా తగిలింది.

"బీబీ, ఇలా రావే. ఏంటో ఇవి, నాకు ఆనడం లేదు."

బీబీజాన్ ఎండలోకి పట్టి చూసింది.

"కాలిన చిల్లులు. లోపల్నుంచి ముక్కలేసి కుట్టుకుంది."

"ఎన్ని?"

"ఆరు. అన్నీ వీపు మీదే." గౌనును మళ్లీ ఎండకు తిప్పి అంది, "ఇస్త్రీ చేసేటప్పుడు కాలిందేమోనే."

"ఆరుసార్లా?" నతలీనా ఒక్కో అతుకూ తడిమింది. చివర ముడి రెండుసార్లు వేసి ఉంది. ఆ ముడి తను నేర్పిందే. "ఏ రంగు దారమో చెప్పు."

"ఒకటి తెల్లది. ఒకటి ఎర్రది. ఇది ఆకుపచ్చ..."

"అయితే ఒక్కరోజు కుట్టినవి కావు."

బీబీజాన్ గౌను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నతలీనాకు ఏడుపు రాలేదు. వానకాలం వస్తోంది, పిల్లకు దుప్పటి లేదేమోనని ఆ రోజుల్లో తను బెంగపడటం గుర్తొచ్చింది.

నతలీనా కొడుకు గోవా వెళ్లి ఆ ఇంటివాళ్ల కోసం వాకబు చేసొచ్చాడు. ఆ ఇంటి చోట మూడంతస్తుల మేడ లేచింది. ఆ మనుషులెక్కడికి పోయారో ఎవరికీ తెలీదు. పోలీసు స్టేషన్లో కాగితాలడిగారు. వీళ్ల దగ్గర ఒక్క కాగితమూ లేదు.

నతలీనా గౌను వీపు భాగాన్ని కోయకుండా, అతుకులు పైకి కనబడేలా తిరగేసి నడుమ పెట్టి కుట్టింది. మూలలకు గుడ్డముక్కలు మడిచి ముక్కోణపు పూలు వేసింది. అవి లేని బొంతను ఆ వాడలో ఒంటిమీద గుడ్డలేని బొంత అంటారు.

మే నెలలో పెర్పేతా వచ్చింది. ఆ వాడ పిల్లల్ని గోవా ఇళ్లలో పనికి కుదిర్చేది ఆవిడే. బీబీజాన్ మనవరాలు ఖైరున్‌ను పనికి తీసుకెళ్లే మాట ఖాయం చేసుకోవడానికి వాళ్లింటికొచ్చి టీ తాగుతోంది. నతలీనా వచ్చి ఆవిడ ముందు బొంత పరిచింది.

"పట్టుకు చూడు."

పెర్పేతా చెయ్యి చాపలేదు. "జ్వరమని నాక్కూడా వాళ్లే చెప్పారమ్మా."

"పెట్టె పక్కన కూర్చుని వచ్చింది నువ్వే. మూత తియ్యొద్దని నా చెయ్యి పట్టుకున్నది నువ్వే."

పెర్పేతా టీ గ్లాసు కింద పెట్టి చెప్పులు వేసుకుంది.

"మా పిల్ల రాదు" అంది బీబీజాన్, వీధిలోకి వినబడేలా.

జూన్‌లో దిగువ వాడ నుంచి ఇద్దరు పిల్లలు పెర్పేతా వెంట గోవా వెళ్తున్నారని తెలిసింది. నతలీనా బొంత చంకన పెట్టుకుని ఆ రెండిళ్లకూ వెళ్లింది. ఒకరు తలుపు తియ్యలేదు. రెండో ఇంటాయన మర్యాదగానే విన్నాడు.

"అందరిళ్లూ అలా ఉండవులే పెద్దమ్మా" అన్నాడు.

బస్సు కదిలినప్పుడు ఆయన తొమ్మిదేళ్ల కూతురు కిటికీలోంచి అందరికీ చెయ్యి ఊపింది, నతలీనాకు కూడా.