తుడిచిన చోటు

పాత తువ్వాలును గట్టిగా చుట్టింది పిన్ని. దాని మీద సన్నటి రబ్బరు గొట్టం పరిచి, పైన పల్చటి గుడ్డ బిగించి, అడుగున పిన్నీసులు గుచ్చింది. చెయ్యి తయారైంది. గొట్టమే నరం.

"కూర్చో. రేపు వాళ్ళ ముందు చేసినట్టే చెయ్యి," అంది అక్క కూతురితో.

రేపు ఆ పిల్లకి లైసెన్సు పరీక్ష. గట్టెక్కితేనే నర్సుగా పేరు నమోదవుతుంది. నమోదైతేనే సూది పట్టనిస్తారు.

ఆ సంగతి పిన్నికి బాగా తెలుసు. మంచం పట్టిన అత్తగారి కోసం నర్సు ఉద్యోగం మానేసినప్పుడు, లైసెన్సు ఎక్కడికి పోతుందిలే అనుకుంది. రెన్యువల్ గడువు దాటిపోయింది. అత్తగారు పోయాక వెళ్తే, మళ్ళీ పరీక్షకు కూర్చోమన్నారు. రాతలో నెగ్గింది, చేతలో ఓడింది. స్పిరిట్‌తో తుడిచిన చోటును, సూది గుచ్చబోయే ముందు, వేలితో ఇంకొక్కసారి తడిమింది. ఏళ్ళ అలవాటు. రెండోసారి అవకాశమిచ్చినా వేలు మాట వినలేదు. ఇప్పుడు తను పనిచేసిన వార్డులోనే దుప్పట్లు మారుస్తోంది.

"ఒసేయ్, ఇందులో మీ పిన్నిని వేలు పెట్టనివ్వకు!" అన్నాడు బాబాయి గుమ్మంలోంచి.

"మీరెళ్ళి కుక్కర్ సంగతి చూడండి," అంది పిన్ని. నవ్వింది గానీ, ఆ మాట ముల్లులా దిగింది.

పిల్ల ఆ గుడ్డచేతికి పైన పట్టీ బిగించింది. నరం వెతికింది, తుడిచింది, ఆరనిచ్చింది. సూది అందుకుంది. ఎడమ చూపుడు వేలు మెల్లగా తుడిచిన చోటికి జారింది.

పిన్ని చటుక్కున ముందుకు వంగింది. అచ్చం తన వేలే. తను ఇదే బల్ల దగ్గర సాధన చేస్తుంటే పక్కన కూర్చుని చూసిన పిల్ల మరి.

"ఆగు! మళ్ళీ తుడువు."

"నువ్వూ ఇలాగే చేసేదానివిగా పిన్నీ? నీ చేత్తో గుచ్చితే నొప్పే తెలీదనేవాళ్ళు."

"నొప్పి తెలీలేదు. వేలికున్న మురికి కూడా తెలీలేదు. వాళ్ళు నన్ను ఊరికే ఆపలేదే. ఎందరి చేతుల మీద పెట్టానో ఈ వేలు..."

పిన్ని పిల్ల ఎడమచేతిని పట్టుకుని, బొటనవేలిని తుడిచిన చోటుకి బాగా కిందగా ఆనించింది. "ఇక్కడ చర్మం లాగి పట్టు. మిగతా వేళ్ళు చేతి కింద. పని లేకే ఆ వేలు అటు పోతోంది."

ఇంత చిన్న ఉపాయం. ఆ రోజు తట్టి ఉంటే! చేతులు కాలాక దొరికిన ఆకు.

పిల్ల మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. వేలు ఒకసారి కదలబోయి ఆగిపోయింది. తర్వాత కదలనే లేదు. గుడ్డ జల్లెడైంది.

పిన్ని చిల్లుల గుడ్డ తీసేసి కొత్తది బిగించింది. గొట్టం మార్చి, పిన్నీసులు సరిచూసి, ఆ గుడ్డచేతిని సంచిలో పెట్టింది.

"పొద్దున బయల్దేరే ముందు ఒక్కసారి చేసి చూసుకో," అంటూ పిల్లకి అందించింది.