జర్మనీలో డిష్‌వాషర్ ఎంత?

2022 వానాకాలం. ముంబై సెంట్రల్ దగ్గర ఒక బిల్డింగు, ఆరో అంతస్తు. అక్కడ నాది భాండీ పని. ముంబై ఇళ్లల్లో పని మూడు ముక్కలు: ఝాడూ అంటే ఊడవడం, కట్కా అంటే తడిగుడ్డ పెట్టడం, భాండీ అంటే అంట్లు తోమడం. దేని రేటు దానిదే. నేను ముప్పై ఏళ్లుగా భాండీ తప్ప ఇంకోటి పట్టలేదు. ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, జిడ్డు కడాయి చివరకు. ఈ వరసలో తోమితే ఒక్క బకెట్ నీళ్లతో సింకు ఖాళీ అవుతుంది. నల్లా ధారగా వదిలి తోమేవాళ్లకు పని రానట్టే.

లాక్‌డౌన్‌కు ముందు నాకు అయిదు ఇళ్లు. తర్వాత రెండే మళ్లీ పిలిచాయి. కామాటిపురాలో చాల్ అనే ఒంటిగదుల పాత బిల్డింగులో మా గది కిరాయి ఆ రెండిళ్ల మీదే నడుస్తోంది.

పనివాళ్లందరికీ ఫోటో కార్డు ఉండాలని ఆ ఏడాదే బిల్డింగువాళ్లు రూలు పెట్టారు. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఫారం మా మనవరాలు స్వప్న నింపింది. పని అన్నచోట ఇంగ్లీషులో ఏదో రాసింది.

"ఏం రాసినవే?"

"డిష్‌వాషర్ అని రాసిన అవ్వా. బాసన్లు తోమేటోళ్లను అట్లనే అంటరు."

మంచిదే అనుకున్నాను. ముప్పై ఏళ్లకు నా పనికి ఒక ఇంగ్లీషు పేరు వచ్చింది.

ఒకరోజు పొద్దున కడాయి తోముతున్నాను. మేడం హాల్లో ఫోన్ పెద్దగా పెట్టి, జర్మనీలో ఉండే చెల్లెలితో హిందీలో మాట్లాడుతోంది.

"అక్కడ డిష్‌వాషర్ ఎంతకు వస్తుంది?"

"మన డబ్బుల్లో నలభై వేలు. దుబాయ్‌లో ముప్పై ఆరుకే దొరుకుతుందట."

"ఇక్కడ నలభై అయిదు చెప్తున్నారు."

చేతిలో కడాయి దబ్బున సింకులో పడింది. నలభై అయిదు వేలా! నాకిచ్చేది నెలకు రెండున్నర!

అంతలో చెల్లెలు అంది: "పాతదైతే సగానికే వస్తుంది. కానీ వద్దక్కా. చప్పుడెక్కువ, మధ్యమధ్యలో ఆగిపోతుంది."

నా వయసు అరవై నాలుగు. చేతులు కొంగుకు తుడుచుకుని హాల్లోకి వెళ్లాను.

"మేడం, నేను పాతదాన్నే, ఒప్పుకుంట. సగమే ఇయ్యండి. ఆ సగమన్న ఇయ్యాలె గద? ఎన్నేండ్ల సంది ముంచుతున్నరు నన్ను?"

మేడంకు ఏమీ అర్థం కాలేదు. మెడలో కార్డు తీసి చూపించాను. చదివి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఫోన్లో చెల్లెలూ నవ్వింది.

"మావశీ, అది మనిషి కాదు, మిషన్! అంట్లు కడిగే మిషన్!" పెద్ద వయసు పనివాళ్లను ఇక్కడ మావశీ అనే పిలుస్తారు. పిన్ని అని అర్థం.

నాకు నవ్వు రాలేదు. మిషన్ వస్తే ఈ ఇల్లు పోయినట్టే. ఈ ఇల్లు పోతే సగం కిరాయి పోయినట్టే. అయినా ఫోన్లో ఉన్న చెల్లెలిని ఒక మాట అడగకుండా ఉండలేకపోయాను.

"జర్మనీల నా అసొంటిది తోమితే ఎంతిస్తరు?"

"మనుషులను పెట్టుకోవడం మావల్ల ఎక్కడవుతుంది మావశీ? గంటగంటకూ లెక్క. ఒక మనిషికి వారం, అంటే నలభై గంటలకు, ఇచ్చే డబ్బుతో మిషనే వచ్చేస్తుంది."

వారమా! వేళ్ల మీద లెక్క పెట్టాను. ఆ ఇంట్లో రోజుకు గంటపైనే తోముతాను. నెల తిరిగేసరికి వాళ్ల వారమంత పని నాదీ అవుతుంది. ఆ పనికి అక్కడ ఒక మిషన్ వస్తుంది. నాకు పద్దెనిమిది నెలలు పడుతుంది. మిషన్ ధర ఏ దేశంలో చూసినా అయిదో పదో వేలు అటూ ఇటూ. తేడా అంతా తోమే చేతి ధరలోనే ఉంది.

నా ముఖం చూసి మేడం ఫోన్ పెట్టేసింది. ప్రేమగానే అంది: "భయపడకు మావశీ. ఇక్కడ మిషన్ దండగ. నీకంటే చవగ్గా ఏం దొరుకుతుంది?"

ఇల్లు నిలబడింది. కానీ ఆ మాటకు తగిలిన దెబ్బ మిషన్ మాట విన్నప్పుడు కూడా తగల్లేదు. ఇన్నేళ్లూ నా పని బాగుందని పెట్టుకున్నారనుకున్నాను.

సాయంత్రం చాల్ నల్లా దగ్గర ఈ సంగతి విని పక్క గది నర్సమ్మ ఎగతాళి చేసింది. "ఏందే, జర్మనికి పోతవంట బాసన్లు తోమ?"

"నేనెందుకు పోత? నా రేటునే జర తోలిస్త అటుదిక్కు."

ఒకటో తారీఖున మేడంను మూడు వేలు అడిగాను.

"ఒకేసారి అయిదు వందలా?"

"మూడు వేలైన గూడ నేను పదిహేను నెలలు తోమితెనే మిషన్ ధర అయితది. మీరే లెక్క జూస్కోండి."

మేడం ఫోన్ తీసింది. మిషన్ కొనడానికేనేమో అనుకున్నాను. కిరాయి కళ్ల ముందు తిరిగింది. అయినా అక్కడే నిలబడ్డాను. ఆమె లెక్క వేసుకుని ఫోన్ పక్కన పెట్టింది.

"సరే. కానీ ఖాడాలు చేయొద్దు." ఖాడా అంటే పనికి రాని రోజు.

"నెలకు రెండు జేస్త. మిషన్ చెడిపోతె వారం ఖాడా జేస్తది."

ఇప్పుడు మా చాల్‌లో కొత్తగా భాండీకి కుదిరే ఆడవాళ్లు రేటు అడగడానికి నా దగ్గరికి వస్తారు. పక్కింట్లో ఎంతిస్తున్నారో కనుక్కోవద్దని చెప్తాను. అది ఆ ఇంట్లో తోమే ఆమె భయపడి ఒప్పుకున్న రేటు. ముందు వెళ్లి మిషన్ ఎంతో కనుక్కుని రమ్మంటాను.