గడప కోసిన ఏడాది

పక్క వీధిలో ఎవరో ప్రహరీ గోడ కట్టుకుంటున్నారు. సాయంత్రం దానికి నీళ్లు కొట్టినప్పుడు పచ్చి సిమెంటు వాసన గాలికి మా వంటింటి దాకా వస్తుంది. ఆ వాసన తగలగానే నా వేళ్ల సందుల్లో ఎప్పటిదో మంట మళ్లీ పుట్టినట్టు అనిపిస్తుంది. ఆ వెనకే కొబ్బరినూనె సీసా పట్టుకుని నిలబడ్డ సిస్టరమ్మ కళ్ల ముందుకు వస్తుంది. "సిమెంటు ఉత్త చేతులతోని కలపొద్దని చెప్పిన్నా లేదా? ఇగ కూసొని రాసుకో," అనేది. కోప్పడుతూనే నా చేతులు తన ఒళ్లో పెట్టుకుని తనే రాసేది.

ఆమె పేరు ఎస్తేరమ్మ. ఉద్యోగమంతా నర్సుగా గడిపింది కాబట్టి జహీరాబాద్‌లో మా వీధి వీధంతా సిస్టరమ్మ అనేది. పొట్టి మనిషి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, కాళ్లకు తెల్ల గుడ్డ బూట్లు వేసుకుని పనికి దిగేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా ఇంటికి ఆనుకునే ఉన్న చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. కుళాయి కారినా, తలుపు బందు ఊడినా, పెంకు జారినా ఎవరినీ పిలిచేది కాదు. పని రాకపోయినా తనే చేసేది. చాలాసార్లు మొదట చెడగొట్టేది, తర్వాత బాగుచేసేది. ఆమె వంటింటి గూట్లో పప్పు డబ్బాల పక్కనే మేకుల డబ్బా ఉండేది.

మా ఇల్లు మా మామగారి తండ్రి కట్టించింది. మట్టితో పేర్చిన రాతి గోడలు, కింద షాబాద్ బండలు. వానాకాలం వీధిలో నీళ్లు పారతాయని ఇంటిని ఎత్తుగా లేపారు. వాకిట్లో నిటారు మెట్లు, ప్రతి గదికీ మోకాలి ఎత్తులో సగం దాకా వచ్చే గడప, మరుగుదొడ్డి పెరడు చివర. బాగా నడవగలిగిన మనుషులు తమలాంటి వాళ్ల కోసమే కట్టుకున్న ఇల్లు అది. నేను కాపురానికి వచ్చాక చాలా ఏళ్ల దాకా ఆ సంగతి నాకు తట్టలేదు.

మా ఆయన రాజేందర్ చిరాగ్‌పల్లి వైపు హైవే మీద లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేసేవాడు. ఒకరోజు లారీ పైనుంచి జారి పడ్డాడు. నడుము దెబ్బతిని కాళ్లలో బలం పోయింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెస్తే, మెట్ల మీదుగా నలుగురు మోసి నడిమి గదిలో మంచం మీద పడుకోబెట్టారు. చక్రాల కుర్చీ కొన్నాం. అది ఆ గది నాలుగు గోడల మధ్యే తిరిగేది. పెరట్లోకి వెళ్లాలంటే మోయాలి. నేనొక్కదాన్ని మోయలేను. వీధిలో ఎవరు కనబడితే వాళ్లను బతిమాలి పిలుచుకొచ్చేదాన్ని. పొద్దున ఆ పని అయ్యాకే నేను బడికి వెళ్లేదాన్ని. నాది ఒక ప్రైవేటు బడి ఆఫీసులో ఉద్యోగం.

మంచం పుండ్లకు కట్టు కట్టడానికి సిస్టరమ్మ రోజూ వచ్చేది. ఒక మధ్యాహ్నం కట్టు కడుతూ మంచం పక్కనున్న చెంబు వంక చూసింది. పొద్దున నేను నింపిన నీళ్లు నింపినట్టే ఉన్నాయి.

"నీళ్లు ఎందుకు తాగుతలేవు కొడుకా?" అంది.

రాజేందర్ గోడ వైపు తిరిగాడు. "దూప అయితలేదు."

"నాతోని అబద్ధాలు చెప్పకు. గిట్ల ఎండబెట్టుకుంటే కిడ్నీలు పోతయ్."

అతను మెల్లగా, "తాగితే మళ్ల మోయాలె గద సిస్టరమ్మా. వీధిల ఎవరు దొరుకుతరా అని ఇది ఉరుకుతది. చూడలేకపోతున్న," అన్నాడు.

ఆ మాటకు నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆమె నా వెనకే వచ్చింది గానీ ఓదార్చలేదు. వంటింటి నుంచి పెరటి దాకా చూసింది. పాత సామాను పడేసిన వెనక గదిలోకి తొంగి చూసింది. "దొడ్డి వాని దగ్గరికి రావాలె. వాడు దాని దగ్గరికి పోవుడు కాదు," అంది.

అప్పటికే మా బావగారు, అంటే మా ఆయన అన్న, సంగారెడ్డి నుంచి వచ్చి మాట్లాడి వెళ్లారు. ఆయనది చెడ్డ మనసు కాదు. "సుజాతా, ఈ ఇల్లు కిరాయికిచ్చి మా దిక్కు రాన్రి. మా అపార్ట్‌మెంట్‌ల లిఫ్ట్ ఉన్నది. ఈ పాత కొంపను ఎంత బాగుచేసినా గింతే," అన్నారు. దసరాకు మళ్లీ వస్తానని, అప్పటికల్లా ఆలోచించుకోమని చెప్పారు. ఆయన వెళ్లాక రాజేందర్ నాతో, "నువ్వు పోదామంటే పోదాం," అన్నాడు. పుట్టి పెరిగిన ఇంటి గురించి అంత నెమ్మదిగా మాట్లాడితే నాకు భయమేసింది.

ఒక మేస్త్రీని పిలిచాను. మట్టి గోడలను ముట్టుకుంటే కూలతాయి, మొత్తం పడగొట్టి కొత్తది కట్టుకోమన్నాడు. ఇంకొకాయన వస్తానని రాలేదు. సిస్టరమ్మ ఇద్దరి సంగతీ విని, "ఐతే మనమే చేద్దాం," అంది.

"మనకీ పని ఏం వస్తది సిస్టరమ్మా?"

"ఇప్పుడైతే రాదు. చేసుకుంట పోతే వస్తది. ఐతారం మా ఆరాధన అయినంక వస్త, ఇసుక తెప్పియ్యి."

మొదట వాకిట్లో మెట్ల మీద వాలుగా బాట వేద్దామనుకున్నాం. మెట్లను కప్పేస్తూ రాళ్లు పేర్చి, సిమెంటు పోసి, అద్దంలా నున్నగా రుద్దాం. నా వేళ్లు పొక్కింది అప్పుడే. ఆరేదాకా తడి గోనెలు కప్పి, రోజూ నీళ్లు పట్టి కాపాడుకున్నాం. చూడటానికి ఎంతో బాగుంది. ఆరాక కుర్చీ తెచ్చి ఖాళీగా దింపి చూద్దామన్నాను. "ఖాళీ కుర్చీకి ఏం తెలుస్తది," అని సిస్టరమ్మే అందులో కూర్చుంది. వెనక నేను పట్టుకున్నాను. బాట సగం దాటకముందే కుర్చీ నా చేతుల్లోంచి జారిపోయింది. ఆమె కుర్చీతో సహా వెళ్లి నీళ్ల డ్రమ్ముకు గుద్దుకుంది. కళ్లద్దాలు ఒక దిక్కు, బూటు ఒక దిక్కు పడ్డాయి. నేను పరుగెత్తేసరికి ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఏం కాలే. ఎముకలు మంచిగనే ఉన్నయ్," అంటోంది.

మంచం మీద కిటికీలోంచి చూస్తున్న రాజేందర్ గొంతు లోపల్నుంచి వినబడింది. దెబ్బ తగిలాక అంత గట్టిగా అతను మాట్లాడటం అదే మొదలు.

"నా కోసం కడుతున్రు. నన్ను ఒక్క మాట అడిగిన్రా? గంత నిటారుంటే ఎవ్వడైనా పడతడు. లారీకి సామాను ఎక్కించే పలకలు కూడ గట్ల పెట్టం."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. సిస్టరమ్మ నన్ను ఆపింది. చీర దులుపుకుని గడప దాకా వచ్చి, "నిజమే. అడగలేదు. నాదే తప్పు. ఇప్పుడు చెప్పు, ఎట్ల చెయ్యాలె?" అంది. సంజాయిషీ ఏమీ లేదు. అలా అడిగి, జవాబు కోసం అక్కడే నిలబడింది.

చివరికి అతను, "సుజాతా, దారం తే, చాక్‌పీసు తే," అన్నాడు.

మేమిద్దరం అంత కష్టపడి పోసిన బాటను సమ్మెటతో పగలగొట్టాం. పోసేటప్పటికంటే పగలగొట్టేటప్పుడు ఆమెకు ఎక్కువ ఉత్సాహం. ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ దెబ్బ వేసేది. ఈసారి బాట నేరుగా దిగలేదు. గోడ వెంట పొడుగ్గా వెళ్లి, మూల దగ్గర తిరిగి మెల్లగా వాకిట్లోకి దిగింది. తడి ఆరకముందే పైన చీపురుతో అడ్డగీతలు గీయించాడు రాజేందర్, చక్రాలు జారకుండా. అతను లోపలి నుంచి కిటికీలోంచి చూస్తూ చెప్పేవాడు, మేం చేసేవాళ్లం. మధ్యలో చాలాసార్లు తిట్టేవాడు. ఆ తిట్లు నా చెవులకు ఎంత హాయిగా ఉండేవో.

వెనక గదిని స్నానాల గదిగా మార్చాం. పైపుల పని మాత్రం ప్లంబరుతో చేయించాం. పట్టుకుని లేవడానికి గోడకు ఇనుప కడ్డీ బిగించాం. గట్టిగా ఉందా లేదా అని నేను దాన్ని పట్టుకుని వేలాడితే, మట్టి పెళ్లతో సహా నా చేతిలోకి వచ్చింది. మళ్లీ రాజేందర్ దగ్గరికే వెళ్లాం. "మట్టి గోడల స్క్రూ నిలబడది. గోడకు ఇటునుంచి అటు బొక్క పెట్టి, అవతల ఇనుప పలక పెట్టి బోల్టు బిగియ్యాలె. అప్పుడు గోడంత బలం కడ్డీకి వస్తది," అన్నాడు. షెడ్డు నుంచి తన పాత మిషను తెప్పించుకుని, పలకలను కుర్చీలో కూర్చునే తనే కోసి వెల్డింగు చేశాడు.

ముందు వైపు గడపలకు బాటతో పాటే వాలు కలిపేశాం. ఇక మిగిలింది వెనక వైపు గడప, అక్కడ వాలుకు చోటు లేదు. అది దాటితేనే వెనక గదికి దారి. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం పసుపు రాసి, బొట్లు పెట్టిన గడప. ఆమె పోయాక నేనూ రాస్తున్నాను. రంపం తెచ్చి పక్కన పెట్టుకున్నానే గానీ నాకు చెయ్యి ఆడలేదు. పని ఏదైనా ముందు దూకే సిస్టరమ్మ ఆ రోజు దూరంగా పీట మీద కూర్చుంది.

"నేను ముట్టుకోను బిడ్డా. ఇది మీ ఇంటి గడప. కొయ్యాలన్నా, వద్దన్నా మీరే చెప్పాలె. వద్దంటే ఇంకో తొవ్వ చూద్దాం," అంది.

రాజేందర్ కుర్చీని గడప దాకా తోసుకుని వచ్చాడు. వంగి చేత్తో తడిమాడు. ఏళ్ల తరబడి రాసిన పసుపు చెక్కలోకి ఇంకిపోయి ఉంది. "అమ్మ ఉంటే నన్ను ఇక్కడ ఆగనిస్తుండెనా?" అన్నాడు. నా చేతిలోంచి రంపం తీసుకున్నాడు. కుర్చీలోంచి వంగి కోయడం కష్టమైంది. ఒకవైపు అతను కోశాడు, అలిసిపోతే రెండోవైపు నేను కోశాను. పాత టేకు, అంత తేలిగ్గా తెగలేదు. తెగాక ఆ చెక్కను కడిగి, దేవుడి గూటికి అడుగు పలకగా బిగించాను. ఇప్పటికీ శుక్రవారం దానికి పసుపు రాస్తాను.

ఆ సాయంత్రం రాజేందర్ ఎవరూ ముట్టుకోకుండా కుర్చీ తోసుకుంటూ వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఏమవుతుందోనని నేనూ సిస్టరమ్మా తలుపు బయట నిలబడ్డాం. లోపల్నుంచి, "మీరిద్దరు అక్కడ నిలబడకున్రి," అన్నాడు. మేం దొంగల్లా వంటింట్లోకి వచ్చేశాం. అతను బయటికి వచ్చి ఒక చెంబు నీళ్లు అడిగాడు. గటగటా తాగి, ఇంకో చెంబు అడిగాడు. సిస్టరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది.

దసరాకు బావగారు వచ్చేసరికి రాజేందర్ బాట మీదుగా వాకిట్లోకి దిగి ఎదురు వెళ్లాడు. ఆయన చేతి సంచి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. బావగారు ఇల్లంతా తిరిగి, కడ్డీలు పట్టుకుని లాగి చూశారు. "గట్టిగనే ఉన్నయ్," అన్నారు. కిరాయి మాట మళ్లీ ఎత్తలేదు. తర్వాత రాజేందర్ వాకిట్లోనే షెడ్డు వేసుకుని చిన్న చిన్న ఇనుప పనులు మొదలుపెట్టాడు. మా ఇంటి సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, కోహీర్ నుంచి, రాయికోడ్ నుంచి మంచాన పడ్డ వాళ్ల మనుషులు వచ్చి కడ్డీలు చేయించుకుని వెళ్లేవారు.

కొన్నేళ్లకు సిస్టరమ్మ గుండె బలహీనపడింది. మంచం దిగితే ఆయాసం. ఇప్పుడు మా వంతు అనుకున్నాం. రాజేందర్ మంచి నున్నటి కడ్డీలు తయారు చేశాడు. పలకలు, బోల్టులు అన్నీ పట్టుకుని వెళ్లాం. ఆమె అవన్నీ చూసి నవ్వింది.

"బాగున్నయ్ కొడుకా. కానీ ఇవి నాకు అక్కర లేదు. నేనిగ ఎన్ని అడుగులు నడుస్త?"

"మరేం కావాలె సిస్టరమ్మా?" అన్నాను.

ఆమె గోడ మీది కిటికీ వైపు చూపించింది. "గా కిటికీ జర కిందికి దించున్రి. పండుకుంటే ఎదురింటి రేకులు తప్ప ఏం కనవడ్తలేదు. నాకు మనుషులు కనవడాలె."

మేం ఊహించని కోరిక. ఆమెను మా ఇంట్లో పడుకోబెట్టి, కిటికీ కింది గోడను జాగ్రత్తగా విప్పాం. పైన దూలానికి రాజేందర్ ఇనుప కమ్మీలు ఆనించాడు. కొత్త చట్రం చేసి, ఆమె మంచం ఎత్తుకు సరిగ్గా కిటికీ నిలబెట్టాం. ఆ తర్వాత ఆమె బతికిన నెలలన్నీ ఆ కిటికీలోనే గడిచాయి. కూరగాయల బండి అతనితో బేరం చేసేది. బడికి వెళ్లే పిల్లలను బటన్లు పెట్టుకోమని కేకలేసేది. నేను పనికి వెళ్తుంటే, "గొడుగు తీస్కపోతున్నవా?" అని అడిగేది. ఒక ఉదయం నేను వెళ్తుంటే ఎవరూ ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి చూశాను. ముఖం వీధి వైపే ఉంది.

అడగకుండానే కడ్డీలు బిగించేసి ఉంటే ఆ నెలలు ఆమె రేకులు చూస్తూ గడిపేది. ఈ ఆలోచన నన్ను వదలదు. ఇప్పుడు సెలవు రోజుల్లో నేనూ రాజేందరూ ఇలాంటి పనుల మీద ఆటోలో ఊళ్లకు వెళ్తుంటాం. వెళ్లగానే ఇంటివాళ్లు ఎక్కడెక్కడ ఏం పగలగొట్టాలో, ఏం బిగించాలో చూపించడం మొదలుపెడతారు. నేను వాళ్లను దాటుకుని మంచం మీదున్న మనిషి దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. మీకేం కావాలని అడుగుతాను. కొందరు వెంటనే చెబుతారు. కొందరికి ఆ మాట అడిగినవాళ్లే లేక జవాబు తోచదు, కళ్లు దించుకుంటారు. ఎంతసేపైనా కూర్చుంటాను. వాళ్లు నోరు విప్పేదాకా పనిముట్ల సంచి విప్పను.