పిన్ని తడి చేతుల్లో నా టచ్ ఫోను

ఆ రోజుల్లో ఫోన్లకు యాప్‌లు రాసే నాలాంటి కుర్రాళ్లకు తెలివికన్నా తొందర ఎక్కువ. తెనాలిలో ఒక టిఫిన్ హోటల్ మేడమీద రెండు గదుల ఆఫీసు, అందులో నేనూ, అందరూ అన్నా అని పిలిచే మా యజమానీ (యజమాని అన్నమాటేగానీ కాఫీ కలిపేదీ ఆయనే). మాకున్న యాప్ ఒక్కటే. బాపట్ల వైపు రేవుల్లో ఆ పూట ఏ చేప ఎంతకు పోయిందో బటన్ ఫోన్లో పైకి చెబుతుంది. ఆ ఫోన్ల కంపెనీతోనే నా గొడవంతా. చిన్న మార్పు చేసి పంపినా ఒప్పుకోవడానికి మూడు వారాలు, ఎందుకని అడిగితే జవాబే ఉండదు. "అందరూ టచ్ ఫోన్లకు వెళ్లిపోతున్నారన్నా, మనమూ పోదాం" అని రోజూ ఆయన ప్రాణం తీసేవాణ్ణి. చివరికి విసిగిపోయి, "రేపల్లె వెళ్లి పిన్నితో చెప్పిరా. ఆవిడ ఊ అంటే సాయంత్రమే మారిపోదాం" అన్నాడు.

పిన్నంటే రేపల్లె మార్కెట్లో చేపలమ్మే ఆవిడ, మా యాప్‌ను మొదటి రోజు నుంచీ వాడుతున్న మనిషి. నా కొత్త టచ్ ఫోన్లో మా యాప్‌ను నమూనాగా ఎక్కించి, జేబులో పెట్టుకుని పెళ్లిచూపులకు వెళ్తున్నంత ఠీవిగా రైలెక్కాను. నేను వెళ్లేసరికి ఆవిడ చేపకు పొలుసు తీస్తోంది. సంగతి చెబితే, "ఏదీ, ఇటియ్యి బాబూ" అని ఆ చేత్తోనే అందుకుంది. తడి వేలు తగిలిందో లేదో కెమెరా తెరుచుకుని, నోరు తెరిచిన నా ఫొటోలు వరసగా పన్నెండు తీసింది. తర్వాత అన్నకు ఫోన్ కలిసింది. అంటుకున్న పొలుసు తుడవబోతే మా యాప్ కాస్తా ఫోన్లోంచే పోయింది. పక్క బుట్టలవాళ్లు పడీపడీ నవ్వారు.

"ఇది మాకెందుకులే బాబూ" అంటూ పిన్ని నడుముకు కట్టుకున్న పాత బటన్ ఫోన్ని, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా, కనీసం అటు చూడకుండా మూడుసార్లు నొక్కింది. ఫోను పండుగప్ప చేప ధర పైకి పలికింది. రేవు నుంచి సరుకు తెచ్చి ఎదురుగా బేరమాడుతున్న వ్యాపారి గతుక్కుమని రేటు తగ్గించాడు.

"నాకు చదువు రాదు బాబూ, ఈ వేలికొచ్చు. వీళ్లందరికీ నేనే నేర్పా. నువ్వు దీన్నొదిలేసి పోతే మళ్లీ ఈ సరుకాయన ఎంతంటే అంతే మాకు. అది సరేగానీ, ఇందులో నెత్తళ్ల చేపల రేటు లేదేంటి?"

ఏ బటన్ నొక్కితే ఏ చేపో, ఆ యాప్ రాసిన నాకే గుర్తులేదు. అక్షరం రాని మనిషి దాన్ని వేలికి నేర్పుకుని, పదిమందికి నేర్పిందంటే ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. సిగ్గుతో "చేరుస్తా పిన్నీ" అని మాత్రం అనగలిగాను.

వద్దన్నా వినకుండా ఆవిడ చేతిలో పెట్టిన రొయ్యల పొట్లంతో తిరుగు రైలెక్కితే, ఆ వాసనకు జనం బెంచీ మొత్తం నాకే వదిలేశారు. ఫోన్ చేసి "మారొద్దన్నా" అంటే అన్న కారణం కూడా అడగలేదు (కలిసిన ఫోన్లో అంతా విన్నాడని తర్వాత తెలిసింది). ఆ బెంచీ మీదే సంచిలోంచి లాప్‌టాప్ తీసి నెత్తళ్లు చేర్చి, మూడు వారాల దాకా ఉలుకూ పలుకూ ఉండదని తెలిసి కూడా అదే కంపెనీకి పంపించి, ఏదో ఘనకార్యం చేసినట్టు కిటికీలోంచి చూస్తూ నవ్వుకున్న ఆ కుర్రాడు, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్దొస్తాడు.