పేరులేని అరవై ఒక్కమంది గాయకులు

మ్జూజూ ఊరి బజారులో తన అక్క జడలల్లే కొట్టు వెనక, ఒక బల్లా ఒక ల్యాప్‌టాపూ వేసుకుని వెబ్‌సైట్లు చేసిపెట్టేది తివోంగే న్యిరెండా. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తప్పు చేయడం, దిద్దుకోవడం, అంతే ఆమె చదువు.

చర్చి బృందగానం నడిపే గోండ్వే మాష్టారు ఆమె చేత ఒక పేజీ చేయించుకున్నాడు. పాడాలనుకునేవాళ్ళు నొక్కగానే చిన్న పెట్టె తెరుచుకోవాలి, అందులో పేరూ, గొంతు రకమూ రాసి పంపాలి.

మూడోరోజు మాష్టారు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "ఒక్క పేరూ రాలేదమ్మా. నా దగ్గర పాడ్డమంటే ఊరికి అంత ఏవగింపా?"

తివోంగే కోడ్ తెరిచి నాలుక కరుచుకుంది. "పంపు" బటన్ పెట్టెలోనే ఉంది గానీ ఫారానికి బయట ఉంది. నొక్కితే పెట్టె మూసుకుంటోంది, రాసింది ఎక్కడికీ పోవడం లేదు. వెంటనే జావాస్క్రిప్టులో ఒక వరుస చేర్చింది: నొక్కగానే ఫారాన్ని పంపేయ్.

సాయంత్రానికి అరవై అయిదు వచ్చిపడ్డాయి. నాలుగింట్లో పేర్లున్నాయి. మిగతావి ఖాళీ.

"అరవై ఒక్కమందీ మూగవాళ్ళేనా?" మాష్టారు తల పట్టుకున్నాడు.

పక్కన ఎండుచేపలమ్మే న్యాముంథలి ఫోన్ ఊపింది. "అందులో నావే నలభై ఉంటాయి మాష్టారూ! నొక్కితే పెట్టె భలే మాయమవుతోంది."

తివోంగేకి అప్పుడర్థమైంది. తను రాసిన "సబ్మిట్" ఆజ్ఞ, పేరు రాశారా లేదా అని చూడకుండానే ఫారాన్ని తోసేస్తోంది. దాని బదులు "రిక్వెస్ట్‌సబ్మిట్" అని రాసింది. అది ముందు ఖాళీలు చూసి, అన్నీ నిండితేనే పంపుతుంది.

న్యాముంథలి మళ్ళీ నొక్కింది. ఈసారి పెట్టె కదల్లేదు.

"ఇదేంటే, నా పేరడుగుతోంది! ఈ బజార్లో నన్నెరగనోళ్ళున్నారా?"

"దానికి చేపలు తినే అలవాటు లేదు పిన్నీ. రాయి."

గొణుక్కుంటూ రాసింది. గొంతు రకం దగ్గర "పెద్దది" అని కొట్టింది. ఫారం వెళ్ళింది. పని సరిగ్గా జరుగుతోందో లేదో చూద్దామని తివోంగే కూడా తన పేరు కొట్టి, గొంతు దగ్గర "కప్ప" అని రాసి పంపింది. తీసేయడం మరిచిపోయింది.

శనివారం చర్చిలో మాష్టారు జాబితా చదివాడు. "తివోంగే న్యిరెండా, కప్ప గొంతు! ముందుకు రా."

"అది ఉత్త పరీక్ష కోసం మాష్టారూ!"

"ఇదీ పరీక్షే. పాడు."

పాడింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. మాష్టారు మాత్రం కళ్ళు మూసుకుని విన్నాడు. మగవాళ్ళ మంద్రస్వరానికి ఆయనకు ఏడో మనిషి దొరకక ఏడాదైంది. ఇప్పుడు తివోంగే వెనక వరసలో, ఆరుగురు మగవాళ్ళ మధ్య నిలబడి పాడుతోంది.