అందరి దారీ ఒకటే అనుకున్న ఉదయశ్రీ

మా అమ్మాయి శ్రావ్య జర్మనీలో, మ్యూనిక్ పక్క ఊరైన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉంటున్న భవనంలోనే, రెండో అంతస్తులో ఉదయశ్రీ కుటుంబం ఉంటుంది. ఆమె మాట తొలిసారి విన్నప్పుడు శ్రీకాకుళం వైపు మనిషి అనుకున్నాను. నా అంచనా నూరేళ్ళు ఆలస్యమైంది. ఆమె ముత్తాత ఆ ప్రాంతం నుంచి మలయాలోని కొబ్బరి తోటలకు కూలిగా వెళ్ళాడు. ఆమె పుట్టి పెరిగింది మలేషియాలో, పేరాక్ రాష్ట్రంలోని బగాన్ డాటో అనే ఊళ్ళో. భారతదేశాన్ని ఆమె రెండే రెండుసార్లు చూసింది. మొదటిసారి తన పెళ్ళికి, రెండోసారి మరిది పెళ్ళికి.

ఈ కథనంలోని సంగతులు చాలావరకు ఆమె చెప్పినవి, కొన్ని ఆమె భర్త చెప్పినవి. ఇద్దరి మాటలూ పొసగని చోటు ఒకటుంది. అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

ఆమె చదువుకోవడానికి జర్మనీలోనే ఉన్న డార్మ్‌స్టాట్ వచ్చింది. అక్కడే జితేంద్ర పరిచయమయ్యాడు. అతనిది ఖమ్మం. పెళ్ళి చేసుకుని, ఉద్యోగాల కోసం మ్యూనిక్ వైపు వచ్చారు. ఉదయశ్రీ ఇప్పుడు ఒక టెలివిజన్ సంస్థలో పనిచేస్తుంది. కార్యక్రమాల కింద వచ్చే అక్షరాలు మాటతో సరిగ్గా కలిసి వస్తున్నాయో లేదో చూసే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం ఆమె పని. వారానికి ముప్పై రెండు గంటలు. మిగిలిన గంటలు పదేళ్ళ అనూహ్యవి. బడి తర్వాత పిల్లను తెచ్చుకోవడం, ఈత క్లబ్బుకు పంపడం, ఆ ఇంటికి వచ్చే ప్రతి జర్మన్ ఉత్తరానికీ జవాబు రాయడం ఆమె వంతు. భాష ఆమెకు బాగా వచ్చు కాబట్టి ఆ పని ఆమెకు దక్కింది. బాగా వచ్చిన పని ఇంట్లో ఎవరికి దక్కుతుందో ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ ఇంట్లో పాస్‌పోర్టులు రెండు రకాలు. ఆమెది మలేషియాది, తండ్రీకూతుళ్ళవి భారతదేశానివి. కౌలాలంపూర్‌లో దిగితే ఆమె క్షణాల్లో బయటపడి, వాళ్ళ కోసం గంటసేపు ఎదురుచూస్తుంది. మరిది పెళ్ళికి హైదరాబాదులో దిగినప్పుడు వాళ్ళు బయట నిలబడి ఆమె కోసం ఎదురుచూశారు. ముగ్గురూ ఒకే వరసలో నిలబడే విమానాశ్రయం మ్యూనిక్ ఒక్కటే. అదీ పరాయి దేశస్థుల వరస.

కిందటేడాదికి ముందు వేసవిలో ఆమె అక్క కొడుకు మాంచెస్టర్‌లో పట్టా పుచ్చుకున్నాడు. ఆ వేడుకకు వెళ్ళడానికి ఆమెకు వీసా అక్కర్లేదు. అనూహ్యకు కావాలి. దరఖాస్తు పెట్టారు, సమయానికి రాలేదు. ఉదయశ్రీ ఒక్కతే వెళ్ళి వచ్చింది. జర్మనీలోనే పుట్టి, జర్మన్‌లోనే పోట్లాడే పిల్ల, ఈ దేశం కాగితాల్లో తాను ఎందుకు లేనని అడిగింది. ఆ వేసవిలోనే జర్మనీ తన పౌరసత్వ చట్టాన్ని మార్చి, పాత పౌరసత్వం వదులుకోవాలన్న షరతు ఎత్తివేసింది. తల్లిదండ్రుల్లో ఒకరు పౌరసత్వం తీసుకుంటే వారితోపాటు బిడ్డను కూడా చేర్చుకోవచ్చు.

ఎవరు దరఖాస్తు పెట్టాలన్నది మా శ్రావ్య ఇంట్లో, టీ తాగుతూ తేలిపోయింది. జితేంద్ర తనకు ఆలోచించుకోవడానికి ఆరు నెలల సమయం కావాలన్నాడు. జర్మనీ రెండింటినీ ఒప్పుకున్నా భారతదేశం ఒప్పుకోదు, పాస్‌పోర్టు అప్పగించాల్సిందే. ఉదయశ్రీ విషయంలో ఎవరికీ ఆలోచన అవసరమనిపించలేదు. శ్రావ్య ధైర్యం చెప్పింది. మనవాళ్ళందరూ ఇదే చేస్తున్నారు, పాస్‌పోర్టు ఇచ్చేస్తే ఓసీఐ కార్డు వస్తుంది, దానితో ఎప్పుడైనా వెళ్ళి ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, మలేషియాకూ అలాంటిది ఏదో ఉండే ఉంటుంది అని. నేను ఆ గదిలోనే ఉన్నాను. ‘ఉండే ఉంటుంది’ అనేది సాక్ష్యం కాదని నాకు తెలుసు. అయినా కాదనలేదు. ఆమె మాట్లాడేది తెలుగు కాబట్టి ఆమె కూడా మనలాగే వచ్చిందని, మన దారే ఆమె దారి అని అందరం అనుకున్నాం.

ఉదయశ్రీ తనను తాను అంత తేలిగ్గా క్షమించుకోలేదు. మలేషియా రెండో పౌరసత్వాన్ని ఒప్పుకోదని బడిలో చదివిన రోజుల నుంచీ ఆమెకు తెలుసు. ఇంతమంది చేస్తున్న పనికి ఏదో ఒక వెసులుబాటు ఉండకపోతుందా అనుకుని, వెతకడం మానేసి, పిల్లను చేర్చుకుని దరఖాస్తు పెట్టేసింది. పద్నాలుగు నెలల తర్వాత పౌరసత్వ పత్రం అందుకోవడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, వచ్చింది. ఒక మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు.

దానికి ముందు ఆదివారం మధ్యాహ్నం బగాన్ డాటో నుంచి అక్క శ్యామలాదేవి ఫోన్ చేసింది. అక్కాచెల్లెళ్ళు వారానికోసారి మాట్లాడుకుంటారు. వంటల కబుర్లు అయ్యాక పెద్దామె మామూలుగానే అడిగింది.

“ఏటే చెల్లీ, ఐసీ కూడా ఇచ్చీయాలంట గదే?”

ఐసీ అంటే మలేషియాలో పన్నెండేళ్ళు నిండిన ప్రతివారి దగ్గరా ఉండే గుర్తింపు కార్డు. అది లేనివాడు అక్కడ పరాయివాడు. ఉదయశ్రీ తేలిగ్గా నవ్వి, ఇంకేదో కార్డు ఇస్తారులే అంది.

“ఏ కార్డే? నాకు తెలిసి అలాటిది నేదు. అది ఇచ్చీసినాక మన ఊర్లో నువ్వెవులివి? టూరిస్టువా?”

ఉదయశ్రీ యాభై దాటాక బగాన్ డాటో వెళ్ళి ఉండాలనుకుంటోంది. ఇది కలగా చెప్పుకునే మాట కాదు, భర్తతో పెళ్ళికి ముందే ఒప్పుకున్న విషయం. అక్కడ ఉండే హక్కు పోతే ఆ ఒప్పందం ఉండదు. అలాగని టెర్మిన్‌కు వెళ్ళకపోతే పిల్లకు పద్నాలుగు నెలల నిరీక్షణ వృథా. చివరి నిమిషంలో వద్దంటే కార్యాలయం వాళ్ళు మళ్ళీ ఈ కుటుంబం ముఖం చూస్తారో లేదో, ఇక్కడి శాశ్వత నివాస అనుమతికే ముప్పు వస్తుందేమో అన్న భయం ఒకటి.

సోమవారం భోజన విరామంలో ఆమె ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి బెర్లిన్‌లోని మలేషియా రాయబార కార్యాలయానికి ఫోన్ చేసింది. జవాబు సూటిగా వచ్చింది. కోరి ఇతర దేశ పౌరసత్వం తీసుకున్నవారి పౌరసత్వాన్ని రద్దుచేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. భారతీయులకు ఉన్నటువంటి కార్డు మలేషియాలో లేదు. సాయంత్రం శ్రావ్యకు ఈ సంగతి చెబితే అది తెల్లబోయి, ఊరట కోసం ఇంకో మాట అంది. ముత్తాత అక్కడివాడు కాబట్టి ఇండియా కార్డు ఉదయశ్రీకి వచ్చే అవకాశం ఉందట.

“రెండుసార్లు సూసిన దేశానికి కార్డొస్తాది, పుట్టిన దేశానికి రాదు,” అంది ఉదయశ్రీ. “బాగుందే శ్రావ్యా, నీ సలహా.”

మా అమ్మాయి ఆ తర్వాత సలహాలివ్వడం మానుకుంది. అది దానికి మంచిదే.

ఇద్దరి మాటలూ పొసగనిది ఇక్కడే. ఆ సాయంత్రం వంటింట్లో జరిగినదాన్ని జితేంద్ర ‘చిన్న చర్చ’ అన్నాడు. ఉదయశ్రీ అలా అనలేదు. ఎవరేమన్నారో ఇద్దరూ ఒకేలా చెప్పారు కాబట్టి మాటలే రాస్తాను.

“మీ పాస్‌పోర్టు కాడికొచ్చేసరికి ఆర్నెల్లు ఆలోసించాలన్నారు,” అంది ఆమె. “నాదానికి ఆరు నిమిషాలైనా ఎవులైనా ఆలోసించేరా?”

“నువ్వెట్లాగూ ఇండియా కాదు గదా, మారితే ఏముందిలే అనుకున్న,” అన్నాడు అతను.

“ఇండియా కాపోతే దేశవే నేదనుకున్నారా?”

బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్న అనూహ్య తలెత్తి, “ఉంట్ ఇష్?” అని అడిగింది. మరి నేనో, అని. ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న అదే.

జితేంద్ర పిల్ల పక్కన కూర్చున్నాడు. అతని సంకోచం నటన కాదని నేను నమ్ముతాను. ఖమ్మంలో ఓటు వేయడానికి ఒకసారి సెలవు పెట్టి మరీ వెళ్ళిన మనిషి. కానీ తన సంకోచానికి ఉన్న విలువ భార్య సంకోచానికి కూడా ఉంటుందని అతనికి తోచడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ ఆలస్యం అతనిదే.

“నేను పెడ్త,” అన్నాడు చివరికి. “బిడ్డను నా అప్లికేషన్ల చేర్చుకుంట. నువ్వు రేపు వద్దని చెప్పు.”

వద్దంటే ఏమవుతుందన్నది మాత్రం ఇద్దరికీ తెలియదు. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదట. అతను నిద్రపోయాడట.

మంగళవారం ముగ్గురూ జిల్లా కార్యాలయానికి వెళ్ళారు. అధికారిణి యాభై ఏళ్ళ మనిషి. బల్ల మీద పత్రం సిద్ధంగా ఉంది. దాని పక్కన, పత్రం అందుకునే ముందు పైకి చదవాల్సిన ప్రతిజ్ఞ ఉన్న కాగితం. ఉదయశ్రీ కూర్చోకుండానే జర్మన్‌లో చెప్పేసింది. తాను ఇది తీసుకుంటే పుట్టిన దేశాన్ని కోల్పోతానని, ఆ సంగతి సరిగ్గా విచారించుకోకపోవడం తన తప్పేనని, వారి సమయం వృథా చేసినందుకు క్షమించాలని.

అధికారిణి కళ్ళజోడు తీసి, ముందు కూర్చోమంది. తర్వాత ఒక్కొక్కటిగా చెప్పింది. పత్రం చేతికి అందేదాకా ఏదీ మారదు. అందుకోకపోతే ఆమె నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది, శాశ్వత నివాస అనుమతికి ఏ ఢోకా లేదు. దరఖాస్తు ఉపసంహరించుకోవడం నేరం కాదు, ఎప్పుడైనా మనసు మారితే మళ్ళీ పెట్టుకోవచ్చు. పిల్ల తండ్రి దరఖాస్తులో చేరవచ్చు, పిల్లకు సంబంధించిన కాగితాలు ఇప్పటికే దస్త్రంలో ఉన్నాయి.

“ఇక్కడికొచ్చాక తెలుసుకుని ఏడ్చినవాళ్ళు ఉన్నారు,” అంది ఆమె. “సంతకం పెట్టి వెళ్ళిపోయాక ఫోన్ చేసి ఏడ్చినవాళ్ళు అంతకన్నా ఎక్కువ. మీరు ఒకరోజు ముందే తెలుసుకుని వచ్చారు.”

ఉపసంహరణ కాగితం ఒకే పేజీ. ఉదయశ్రీ సంతకం పెట్టింది. జితేంద్ర అక్కడే తనకు కావలసిన పత్రాల జాబితా అడిగి తీసుకున్నాడు. ఈసారి ఉత్తరాలు తానే రాస్తానన్నాడు. రెండు వాక్యాలు జర్మన్‌లో అడిగి, మూడో వాక్యం దగ్గర ఆగాడు. ఉదయశ్రీ మాట అందించలేదు. అధికారిణి ఓపిగ్గా ఎదురుచూసింది, అతనే పూర్తిచేశాడు. పట్టేది ఇంకో ఏడాదో, అంతకన్నా ఎక్కువో. ఆ లోపల ఎక్కడికైనా వెళ్ళాలంటే అనూహ్యకు వీసా కావాలి. తర్వాత మ్యూనిక్‌లో దిగినప్పుడు పరాయి వరసలో తల్లి ఒక్కతే నిలబడాలి. ఇవి నష్టాలు కావని నేను అనను. ఆమె లెక్క చూసుకునే ఒప్పుకుంది.

వరండాలోకి వచ్చి ఉదయశ్రీ అక్కకు వీడియో కాల్ చేసింది. బగాన్ డాటోలో అప్పుడు సాయంత్రం కావస్తోంది. శ్యామలాదేవి మొత్తం విని, దేవుడి దయ అని, చెల్లెల్ని పైనుంచి కిందికి చూసింది.

“తీసుకోనని తెలిసే ఎల్లేవు గదా. మరి పెళ్ళికెల్లినట్టు ఆ పట్టుసీరెందుకే?”

“టెర్మిన్ ఇచ్చినారు గదా అప్పా,” అంది ఉదయశ్రీ అక్కతో. “వద్దని సెప్పడానికైనా మర్యాదుండాల.”

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె నవ్వు ఆపుకోలేకపోయిందని, వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్ళు పౌరసత్వం వచ్చిందనుకుని ఆమెకు చప్పట్లు కొట్టారని జితేంద్ర చెప్పాడు. ఆమె వాళ్ళకు దణ్ణం పెట్టి బయటకు నడిచిందట. ఈ చప్పట్ల సంగతి మాత్రం ఇద్దరూ ఒకేలా చెప్పారు.