ఆ పుంజు కన్ను ఎర్రగానే ఉంది

గార్డు తాత పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విశాఖపట్నంలో వార్డు డ్యూటీలో ఉన్నాను. ఖరగ్‌పూర్‌లో ఎస్‌టీడీ బూత్ నుంచి అరిచి మాట్లాడుతోంది.

"పొద్దున్న టీ తాగినారట. గ్లాసు కింద ఎట్టి, 'కోళ్ళని ఒగ్గినావా అమ్మా' అని కోడల్ని అడిగినారట. ఆయమ్మ గూడు తలుపు తీసొచ్చి సూసేసరికి అంతే."

"వస్తున్నానమ్మా" అన్నాను.

"సాయంత్రమే మట్టిసేస్తారట. నువ్వొచ్చేసరికి అయిపోతాది" అంది. అయిపోయింది.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మీలో చాలామందికి ఆయన తెలుసు. గూడ్సు గార్డుగా రిటైరై, కొడుకు క్వార్టర్‌లో వెనక వరండాలో కూర్చుని, ఎవరు కోడిని తెచ్చినా తడిమి చూసి అది జాతిదో క్రాసో చెప్పే గుడ్డి తాత. ఆయన పేరు పోయిన సంగతి కూడా మీకు తెలుసు. ఫోర్‌మన్ పుంజు విషయంలో ఆయన చెయ్యి తప్పిందని, ఆ తర్వాత అందరూ ఆయన దగ్గరికి కోళ్ళు తేవడం మానేశారని. మన తెలుగు సంఘం సంచికకి ఆయన గురించి రాయమని అడగ్గానే నేను ఒప్పుకున్నది అందుకే. మీకు తెలిసిన ఆ సంగతి నిజం కాదు.

మా క్వార్టరూ ఆయన క్వార్టరూ పక్కపక్కనే. రెండు పెరళ్ళ మధ్య పాత స్లీపర్ చెక్కలు పాతి కట్టిన దడి. మా నాన్న సర్వీసులో ఉండగానే పోయారు. ఆయన ఉద్యోగం అన్నయ్యకి వచ్చింది, దానితో పాటే ఇంటి పెత్తనమూ వచ్చింది. అప్పటికి అన్నయ్యకి ఇరవై రెండేళ్ళు. నేను పన్నెండో క్లాసు పాసవగానే ఇక చాలన్నాడు. వీధి గుమ్మంలో నిలబడితే లోపలికి పొమ్మనేవాడు. చర్చికి అమ్మతో వెళ్ళి అమ్మతోనే రావాలి. ప్రేమ్ బజార్‌లో టైపు నేర్చుకుంటానంటే, స్టూడెంట్లు తిరిగే చోట నీకేం పని అన్నాడు. రెండు గదులు, ఒక వరండా, ఒక పెరడు. పొద్దున్న వర్క్‌షాపు సైరను మోగితే అన్నయ్య వెళ్ళేవాడు. సాయంత్రం సైరను మోగితే వచ్చేవాడు. ఆ రెండు సైరన్ల మధ్యా ఏం చెయ్యాలో తెలియక దడి దగ్గర నిలబడేదాన్ని.

ఒకరోజు అవతలినుంచి పిలుపొచ్చింది.

"ఎవరది దడికాడ? రోజూ నిలబడతావు, ఊపిరి ఇనబడతాది. ఇలగొచ్చి ఈ పెట్ట కన్ను ఏ రంగో సెప్పు."

ఊడిపోయిన చెక్క సందులోంచి దూరి వెళ్ళాను. అన్నయ్య దానికి అడ్డు చెప్పలేదు. ముసలాయన, పైగా చూపు లేనాయన.

తాతకి నీటికాసులు. చూపు పక్కల నుంచి మూసుకొచ్చింది. ఎలా ఉండేదని అడిగితే, "బండి సొరంగంలోకి ఎల్తాది కదమ్మీ. గార్డు డబ్బాలోంచి ఎనక్కి సూస్తుంటే ఆ ఎలుతురు సిన్నదైపోయి, సిన్నదైపోయి... అలగ" అన్నారు. ముప్పై ఏళ్ళు గూడ్సు బండి చివర కూర్చుని వాల్తేరు దాకా, టాటానగర్ దాకా తిరిగిన మనిషి. ఇప్పుడు మంచం నుంచి కోళ్ళ గూటికి పదకొండు అడుగులు. పన్నెండో అడుగు వేస్తే గోడ తగిలేది.

ఆ కోళ్ళు ఆయన ఉద్యోగంలో ఉండగా పార్వతీపురం వైపు నుంచి తెచ్చుకున్న జాతి కోళ్ళ సంతానం. ఎవరైనా పరీక్షకని కోడిని తెస్తే ముందు చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకునేవారు. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి తెచ్చినవాళ్ళకి చీవాట్లు తప్పేవి కావు. "నిన్నలగ పట్టుకొస్తే నీ పేరేటో నువ్వు సెప్పగలవేటి?" పందేనికని చెబితే అసలు ముట్టుకునేవారు కాదు.

ఆయన చేతుల్ని చూస్తూ నేర్చుకున్నాను. జాతి పుంజుకి రొమ్ము ఎముక మీద ఈకలుండవు, తోలు చేతికి తగులుతుంది. మిగతా చోట్ల ఈకలు పొట్టిగా, బిరుసుగా, ఒంటికి అతుక్కుని ఉంటాయి. కాలు గుండ్రంగా ఉండదు, పట్టుకుంటే పలకలు తెలుస్తాయి. గొంతు కింద ఎర్ర తోలు వేలాడదు. చూసేవాళ్ళంతా ముందు తల మీద తురాయి చూస్తారు. జాతిదానికి అది చిన్నగా, నొక్కేసినట్టు ఉంటుంది కదా, అదుంటే చాలనుకుంటారు. "తురాయిని నమ్మకమ్మీ. అమ్మానాన్నల్లో ఒకటి జాతిదైతే సాలు, పిల్లకి అది వచ్చేస్తాది. అందరూ అక్కడే మోసపోతారు" అనేవారు తాత.

చేతికి తెలియనిది ఒక్కటే, కన్ను. జాతిదైతే ఎదిగిన పుంజు కన్ను తెల్లగా ముత్యంలా ఉంటుంది. ఫారం కోడి రక్తం కలిస్తే అందులో ఎరుపు దిగుతుంది. ఆ రంగు నేను చెప్పేదాన్ని. అలా రెండేళ్ళు చెప్పాను. "తెలుపు తాతా", "ఎరుపు తాతా". ఒక్కసారి కూడా ఆయన నా మాటని రెండోసారి అడగలేదు. మా ఇంట్లో నా మాటకి విలువ లేదు, దాని మీద ఏదైనా తేలేది ఆ వరండాలోనే.

క్రాసు కోడంటే ఆయనకి చిన్నచూపు ఉండేది కాదు. తెచ్చినవాళ్ళు మొహం చిన్నబుచ్చుకుంటే, "మంచి కోడే బాబూ, గుడ్లు బాగా ఎడతాది. దాన్ని దానిలాగే సెప్పి ఇయ్యి. ఏరే పేరెట్టి ఇస్తేనే తప్పు" అనేవారు.

ఇంతలో చర్చికొచ్చే ఒక నర్సమ్మ నాకు నర్సింగ్ ట్రైనింగ్ ఫారం తెచ్చి ఇచ్చింది. గార్డియను సంతకం కావాలి. అన్నయ్య ఆ ఫారాన్ని రెండుసార్లు అలమార మీదికి విసిరేశాడు. అతన్ని చెడ్డవాణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. అతను కొలిమి సెక్షన్‌లో పనిచేసేవాడు. ముంజేతుల నిండా కాలిన మచ్చలు, వేసవిలో అన్నం సహించేది కాదు. స్టోర్సులోకి మారాలని తంటాలు పడుతున్నాడు. ఫోర్‌మన్ ఒక బెంగాలీ ఆయన, మలంచాలో సొంతిల్లు, కోళ్ళంటే ప్రాణం. ఆయనకో జాతి పుంజుని ఇస్తే తన మీద దయ కలుగుతుందని అన్నయ్య ఎక్కడో సంతలో ఒక ఎర్ర ఈకల డేగ పుంజుని పట్టుకొచ్చాడు. మంచి ఎత్తు, నిటారుగా నిలబడేది, తురాయి అచ్చం జాతిదే. నేను దాని మొహం నా వైపు తిప్పి చూశాను. కన్ను ఇటుక రంగులో ఉంది.

"అన్నయ్యా, ఇది క్రాసు."

"తెలుసు. ఆదివారం ఫోర్‌మన్ దాదాని తెస్తున్నాను. గార్డుగారు జాతిదంటేనే పుచ్చుకుంటాడట. తాత నిన్ను కన్ను అడుగుతాడు కదా, తెలుపని సెప్పు. సోమారం నీ ఫారం మీద సంతకం ఎట్టేస్తాను."

ఆదివారం చర్చి అయ్యాక వచ్చారు. తాత చేతులు తుడుచుకుని పుంజుని ఒళ్ళోకి తీసుకున్నారు. దాని మొహం నా వైపుంది, ఫోర్‌మన్ తాత వెనక నిలబడి తురాయినే చూసి మురిసిపోతున్నారు. కాలు పట్టి చూశారు, మెడ నిమిరారు. రొమ్ము దగ్గర ఆయన వేళ్ళు ఆగిపోయాయి. ముందుకెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చాయి.

"కన్ను సెప్పమ్మీ."

అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు.

"తెలుపు తాతా."

ఆయన బొటనవేలు ఆ రొమ్ము ఈకల్ని ఎదురు దువ్వింది. తర్వాత, రెండేళ్ళలో మొదటిసారి, "మళ్ళీ సూడు" అన్నారు.

"తెలుపే తాతా. ముత్యంలా ఉంది."

"అయితే జాతిదే" అన్నారు. ఫోర్‌మన్ సంతోషంగా, "ఠీక్ హై గార్డు బాబూ, మీరన్నాక ఇంకేముంది" అని పుంజుని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

అన్నయ్య మాట తప్పలేదు. ఫారం పోస్టులో వెళ్ళింది. కొన్నాళ్ళకి అతను స్టోర్సులోకి మారాడు కూడా. ట్రైనింగ్ స్కూలు నుంచి ఉత్తరం మాత్రం రాలేదు. నేను దాని కోసం ఎదురుచూస్తూండగా, ఐదారు నెలలకి, ఒక సాయంత్రం ఫోర్‌మన్ బుట్టతో మా వీధిలోకి వచ్చారు. బుట్టలో ఆ పుంజు పిల్లలు. దూదిలా వదులు ఈకలు, ఫారం కోళ్ళ ఎరుపు, గొంతు కింద వేలాడే తోలు. తాతని గేటు దగ్గరికి పిలిచి, వీధంతా వినేలా అరిచారు. తన మంచి పెట్టల వంశమంతా పాడైపోయిందని, తెలియకపోతే తెలియదని చెప్పాల్సిందని. చుట్టూ జనం చేరారు. నేను మా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. అన్నయ్య నా వెనకే నిలబడ్డాడు.

తాత గేటు పట్టుకుని, "నాదే తప్పు దాదా. ఇంకెవలికీ సంబంధం లేదు. ముసలి చెయ్యి, పొరపాటు పడినాది" అన్నారు.

"కన్ను రంగు ఆ అమ్మాయి కదా చెప్పింది?" అన్నారెవరో.

"కన్నుని పట్టి సెప్పలేదు నేను. చెయ్యిని పట్టి సెప్పినాను."

ఒక్క కేక వేస్తే చాలు. నేను వెయ్యలేదు. ఉత్తరం ఇంకా రాలేదు.

ఆ తర్వాత ఆ వరండాకి ఎవరూ రాలేదు. ఒకరిద్దరు కోడిని పట్టుకుని గేటు ముందునుంచే వెళ్ళిపోతుంటే, ఆ కూత విని తాత లేచి నిలబడేవారు. అడుగులు దూరమైపోయేదాకా నిలబడి కూర్చునేవారు. నేను దడి సందులోంచి వెళ్ళడం తగ్గించాను. వెళ్ళినా ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఉత్తరం వచ్చింది. విశాఖపట్నంలో ట్రైనింగు. బయల్దేరే ముందురోజు వెళ్ళి ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"తాతా, ఆ పుంజు కన్ను ఎర్రగానే ఉంది."

"తెలుసు. రొమ్ము నిండా మెత్తటి ఈక. గుడ్డోడికైనా తెలుస్తాది. నువ్వు తెలుపన్నావు, నలుగుర్లో నీ మాట కొట్టెయ్యలేక జాతిదన్నాను. ఎందుకన్నావా అని ఆలోచిస్తన్నాను ఇన్నాళ్ళూ."

చెప్పాను. సంతకం గురించి, అన్నయ్య గురించి. ఊరుకుంటారనుకున్నాను. మంచం మీద లేచి కూర్చున్నారు. ఆయన అంత కోపంగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"దానికి నా నోటితో అబద్ధం ఆడించాలా? ఒక్క మాట నాకు ముందు సెప్పుంటే, ఆ సంతకం నేనే ఎట్టించీవాడిని కదే మీ అన్న సేత! నాకింకేటి మిగిలినాదే, ఈ సేతులు తప్ప?"

నేను ఏడ్చాను. అన్నయ్యనీ ఫోర్‌మన్‌నీ పిలిచి అప్పుడే చెప్పేస్తానన్నాను. చాలాసేపటికి ఆయన గొంతు దిగింది.

"ఇప్పుడొద్దు. ఇప్పుడు సెప్తే మీ అన్న నీ పెట్టె దించేస్తాడు. ఎల్లు. సదువుకో. ట్రైనింగ్ అయినాక వచ్చి అందరికీ సెప్పు."

"చెప్తాను తాతా" అన్నాను.

మూడేళ్ళకి ట్రైనింగ్ అయిపోయింది. సెలవుకొచ్చి ఆయన దగ్గరికి వెళ్ళాను. "అయిపోయినాదేటమ్మీ?" అన్నారు. "అయిపోయింది తాతా" అన్నాను. ఆయన మొహం నా వైపు తిప్పి అలాగే ఉండిపోయారు. దేనికోసమో నాకు తెలుసు. నేను వార్డుల గురించి, హాస్టల్ భోజనం గురించి మాట్లాడాను. అప్పటికి అన్నయ్యకి పెళ్ళయింది, పాప పుట్టబోతోంది, ఆ ఫోర్‌మన్ తలుచుకుంటే అతన్ని మళ్ళీ కొలిమిలోకి మార్పించగలరు. మరుసటి ఏడు మరో కారణం. ఎప్పుడు వెళ్ళినా ఆయన నా చెయ్యి పట్టుకుని, బక్కచిక్కావనో ఒళ్ళు చేశావనో చెప్పేవారు. ఆ మాట మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ వీధి దాటి అంత దూరం వెళ్ళానని నేననుకున్నాను గానీ, ఆ కిటికీ చువ్వల్ని నా చేతులు వదల్లేదు.

మట్టి అయిపోయిన మర్నాడు, ఇంట్లో అందరి ముందూ అన్నయ్యతో, నేను ఫోర్‌మన్ దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. చొక్కా వేసుకుని, "పద, నేనూ వస్తాను" అన్నాడు.

మలంచాలో ఆయన రిటైరై పూలకుండీలకి నీళ్ళు పోసుకుంటున్నారు. ఇద్దరం నిలబడి చెప్పాం. ఆయన ముందు "ఏ పుంజు?" అన్నారు. గుర్తొచ్చాక నవ్వారు. "అరే, అదా! ఆ పిల్లలు బాగా గుడ్లు పెట్టాయమ్మా. మర్నాటికే నా కోపం పోయింది. ఎప్పుడో మరిచిపోయాను."

"ఆయన మరిచిపోలేదు దాదా" అన్నాడు అన్నయ్య.

తిరిగొచ్చి తాత ఇంటికి వెళ్ళాను. ఆయన కోడలికీ కొడుక్కీ కూడా చెప్పాను. కొడుకు లోపలికి వెళ్ళిపోయారు. కోపం రావాల్సిందే. కోడలు మాత్రం నన్ను కూర్చోమంది.

"ఈ ఏడాదంతా గేటుకాడే కుర్సీ ఏయించుకుని కూకున్నారమ్మా. సైకిల్ మీద కోళ్ళమ్ముకునే ఒడియా ఆయన ఒకడు మంగళారం మంగళారం ఆగుతాడు. బుట్టలోంచి ఒకదాన్ని తీసి మామయ్య సేతుల్లో ఎడతాడు. ఈయన తడిమి ఏదో సెప్తారు. 'ఠీక్ దాదూ', సరే తాతా అని తీసుకుని ఎల్లిపోతాడు. ఎవలూ ఆగమని సెప్పలేదు. ఆడికి మన తెలుగే రాదు, ఆ పుంజు గొడవా తెలీదు."

ఆవిడ ఇంకా చెబుతూండగానే గేటు ముందు సైకిల్ గంట మోగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంట మళ్ళీ మోగింది. నేనే లేచి వెళ్ళాను.

నడివయసు మనిషి. సైకిల్ని కాలితో ఆపి, చంకలో ఒక నల్లటి కాకి పుంజుని పట్టుకుని ఉన్నాడు. "దాదూ?" అన్నాడు. నేను నోరు విప్పేలోగానే, రెక్కలు జాగ్రత్తగా ముడిచి, పుంజుని నా చేతుల్లో పెట్టేశాడు. వెచ్చగా ఉంది. దాని గుండె నా వేళ్ళ కింద టకటక కొట్టుకుంటోంది. అతను ఇంకా నా భుజం మీదుగా వరండా వైపే చూస్తున్నాడు.